బొగ్గుబండ్ల ఊరిలో ప్రార్థన

భూతాపం తగ్గాలని ప్రపంచమంతటా చర్చీలు ప్రార్థిస్తున్నాయి, ఉద్యమిస్తున్నాయి. బొగ్గే బతుకుతెరువైన బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో ఆ ప్రార్థనకు అర్థం ఏమిటి?

2022 ఆగస్టు 15న, స్వాతంత్ర్య అమృతోత్సవాల నాడు, ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా నుండి ఒక గూడ్సు బండి కదిలింది. ఆరు ఇంజన్లు, 295 వ్యాగన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు. సుమారు 27,000 టన్నుల బొగ్గు మోస్తూ, 267 కిలోమీటర్ల దూరంలోని రాజనందగావ్‌కు అది పదకొండు గంటల పైచిలుకు కాలంలో చేరింది. రైల్వేవారు దానికి ‘సూపర్ వాసుకి’ అని పేరు పెట్టారు. క్షీరసాగర మథనంలో కవ్వపు తాడైన సర్పరాజు పేరు అది. ఆ మథనంలో అమృతం కంటె ముందు పుట్టింది హాలాహలమన్న సంగతి పేరు పెట్టినవారికి తోచి ఉండదు.

ఇంత బొగ్గు 3,000 మెగావాట్ల విద్యుత్కేంద్రానికి ఎన్నాళ్లు వస్తుంది? ఒక్క రోజుకు. సరిగ్గా అంతటి కేంద్రమే బిలాస్‌పూర్ పొలిమేరలో ఉన్నది. సీపత్‌లోని ఎన్.టి.పి.సి. కేంద్రం సామర్థ్యం 2,980 మెగావాట్లు. పూర్వం ఆవిరి ఇంజన్ల కాలంలో ఈ ఊరివారి బట్టల మీద మసి పడేది. ఇప్పుడు పట్టాల మీద నడిచేవి కరెంటు ఇంజన్లు. వాటికి పొగ లేదు. పొగ పోలేదు, ఇంజను గొట్టం విడిచి విద్యుత్కేంద్రపు చిమ్నీకి మారింది.

అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్‌ను పట్టణంగా పెంచింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ కలకత్తా వైపు మార్గం వేస్తూ ఈ ఊరిని కూడలిగా చేసుకున్నది. ఆ కంపెనీ మార్గాలు విశాఖ తీరం దాకా సాగాయి. 1931 నాటికి విజయనగరం, రాయపూర్‌ల మధ్య పట్టాలు కలిశాయి. ఆ పట్టాల వెంటే ఉత్తరాంధ్ర పల్లెల నుండి కూలీలూ, ఫైర్‌మన్లూ, గార్డులూ, గుమాస్తాలూ తరలి వచ్చారు. ఖరగ్‌పూర్‌లో వలెనే ఇక్కడి రైల్వే కాలనీలలోనూ తెలుగు మాట స్థిరపడింది. 1985లో సౌత్ ఈస్టర్న్ కోల్ ఫీల్డ్స్ సంస్థకూ, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోనుకూ ఈ ఊరే ప్రధాన కార్యాలయ స్థానమైనది. ఒకరు బొగ్గు తవ్వేవారు, మరొకరు మోసేవారు. ఈ రెండింటి జీతాలూ ఆగితే బిలాస్‌పూర్ బజారులో సగం దుకాణాలు మూతపడతాయి.

ఇటువంటి ఊరిలో ఆదివారం ఉదయం చర్చి గంట మోగుతుంది. లోపల కూర్చున్నవారిలో రైల్వే ఉద్యోగి ఉండవచ్చు, గని కార్మికుని భార్య ఉండవచ్చు, వాన కోసం ఆకాశం వంక చూసే రైతు ఉండవచ్చు. బొగ్గు వాడకం తగ్గాలని ప్రార్థించమని ప్రపంచ క్రైస్తవ సంఘాలు కోరుతున్నాయి. ఈ ముగ్గురూ కలసి ఆ ప్రార్థనకు ‘ఆమేన్’ అనగలరా?

కరువు తెచ్చిన పరిచయం

వాన తప్పడమన్నది ఇక్కడి చర్చీలకు కొత్త సంగతి కాదు. మాట చెప్పాలంటే, ఈ ప్రాంతపు సంఘాలలో కొన్ని కరువు కడుపునే పుట్టాయి.

ఛత్తీస్‌గఢ్‌ను ‘వరి గిన్నె’ అంటారు. ఆ గిన్నె నిండేది వానతోనే. 1868లో జర్మన్ మిషనరీ ఆస్కార్ లోర్ బిస్రాంపూర్‌లో స్థిరపడ్డాడు. 1885లో డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ అనే అమెరికన్ సంఘం బిలాస్‌పూర్‌లో పని ప్రారంభించింది. తరువాత 1896–97లోనూ, 1899–1900లోనూ ఘోరమైన క్షామాలు విరుచుకుపడ్డాయి. అన్నదానానికి వచ్చిన అమెరికన్ మెన్నొనైట్లు 1899లో ధమ్‌తరిలో ఉండిపోయారు. ఆ శాఖవారే మరికొందరు తరువాత, బిలాస్‌పూర్‌కు సమీపంలోని చాంపాకు చేరారు. అనాథ శరణాలయాలూ, కుష్ఠు రోగుల ఆశ్రమాలూ, బడులూ ఆ రోజులలో వెలసినవే.

తెలుగునాట ఇంతకు మించిన ఉదాహరణ ఒంగోలు. 1876–78 నాటి ధాత కరువులో దక్షిణ భారతం అల్లాడిపోయింది. ఆనాడు పసిఫిక్ మహాసముద్రంలో తలెత్తిన బలమైన ఎల్ నినో ఆ అనావృష్టికి కారణమని నేటి శాస్త్రజ్ఞులు చెబుతారు. బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పూర్వాశ్రమంలో సర్వే పని నేర్చినవాడు. ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించాడు. కూటికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకుండా, సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. కరువు తీరిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ చరిత్రలో ఒక విశేషం గమనించదగినది. చర్చి వాన కోసం ప్రార్థించింది. వాన రానప్పుడు గంజి పోసింది, పని కల్పించింది. వాన ఎందుకు రాలేదని ఎవరినీ నిలదీయలేదు. నిలదీయడానికి ఎవరున్నారు? అనావృష్టి దైవాధీనం. హిందువులు వరుణ జపం చేశారు, పల్లెలలో కప్పతల్లిని ఊరేగించారు, ముస్లిములు మైదానాలలో నమాజు చేశారు, క్రైస్తవులు మోకాళ్లూనారు. అందరి మొరా ఒకే ఆకాశానికి.

ఇప్పుడు ఆ లెక్క మారింది. పారిశ్రామిక విప్లవం మొదలుకొని మనిషి తగలబెట్టిన బొగ్గు, చమురు, సహజవాయువుల వల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుతున్నదని సందేహానికి తావులేకుండా తేలింది. పారిశ్రామిక యుగానికి ముందున్న సగటు కంటె 1.5 డిగ్రీలకు పైగా వేడెక్కిన తొలి సంవత్సరం 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. విపత్తులో మనిషి చేయి ఉన్నప్పుడు గంజి పోసి ఊరుకుంటే సరిపోదు. ప్రార్థనకు పశ్చాత్తాపం తోడు కావాలి. పశ్చాత్తాపానికి పనులు తోడు కావాలి. చర్చీలు ప్రార్థన మందిరం నుండి ఉద్యమ వీధిలోకి రావడానికి మూలకారణం ఇదే.

ఒక నింద, ఒక జవాబు

ఈ మేలుకొలుపు వెనుక ఒక గట్టి నింద ఉన్నది. 1967లో లిన్ వైట్ అనే అమెరికన్ చరిత్రకారుడు ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. భూమి మీద మనిషికి ఏలుబడి ఇచ్చారన్న బైబిలు భావనను పాశ్చాత్య క్రైస్తవం దోపిడీకి అనుమతి పత్రంగా వాడుకున్నదనీ, ప్రకృతి విధ్వంసపు పాపంలో దానికి పెద్ద వాటా ఉన్నదనీ ఆయన ఆరోపించాడు. ఆయన నాస్తికుడు కాడు. పక్షులనూ పశువులనూ సోదరులుగా భావించిన అస్సీసి ఫ్రాన్సిస్‌ను పర్యావరణ ప్రియుల ఆదర్శ పురుషునిగా నిలుపుకోమని ఆ వ్యాసంలోనే సూచించాడు.

చర్చీలు ఆ నిందను తోసిపుచ్చలేకపోయాయి. పన్నెండేళ్ల తరువాత, 1979లో, రెండవ జాన్ పాల్ పోప్ ఫ్రాన్సిస్‌ను పర్యావరణ పాలక పునీతునిగా ప్రకటించాడు. ఆదికాండం రెండవ అధ్యాయంలో తోటను సేద్యం చేయడమే కాక కాపాడే పని కూడా మనిషికి అప్పగించారన్న విషయాన్ని వేదాంతులు మళ్లీ తవ్వి తీశారు. ఏలుబడి అంటే యజమాని పెత్తనం కాదు, తోటమాలి కాపలా అని బోధించసాగారు. 1983లో కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమైన ప్రపంచ చర్చీల మండలి న్యాయం, శాంతి, సృష్టి సమగ్రత అనే మూడింటినీ ఒకే తాటి మీదకు తెచ్చింది. పేదవానికి అన్యాయం చేసేదీ నేలకు అన్యాయం చేసేదీ ఒకే దురాశ అన్నది దాని సారాంశం.

1989లో ఆర్థడాక్సు చర్చి అధిపతి దిమిత్రియోస్ సెప్టెంబరు 1వ తేదీని సృష్టి రక్షణ ప్రార్థనా దినంగా నిర్ణయించాడు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ కథోలిక చర్చికి కూడా అదే తేదీని స్వీకరించాడు. ఆనాటి నుండి అస్సీసి ఫ్రాన్సిస్ పండుగ అయిన అక్టోబరు 4 వరకు సాగే అయిదు వారాలను వివిధ శాఖల క్రైస్తవులు ‘సృష్టి కాలం’గా పాటిస్తున్నారు. యూరపులో అది కోతలు ముగిసే వేళ. బిలాస్‌పూర్ చుట్టుపట్ల అది వరి పొట్టకు వచ్చి, ఈనే వేళ. ఒక్క వాన తప్పినా గింజ తాలు అయ్యే వేళ. ప్రార్థనకు అంతకన్న తగిన కాలం ఈ నేల మీద మరొకటి లేదు.

మోకాళ్ల నుండి పాదాలకు

2015లో వెలువడిన ‘లౌదాతో సీ’ అనే లేఖలో పోప్ ఫ్రాన్సిస్ బొగ్గు, చమురు, వాయు ఇంధనాల స్థానే ఇతర శక్తులను ఆలస్యం లేకుండా క్రమక్రమంగా సమకూర్చుకోవాలని స్పష్టంగా రాశాడు. ఎనిమిదేళ్ల తరువాత, 2023లో, ‘లౌదాతే దేవుమ్’ అనే మరో లేఖలో ప్రపంచం చాలినంత చేయలేదని మందలించాడు. ఆయన 2025 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆయన తరువాత పీఠమెక్కిన పద్నాలుగవ లియో పోప్, ఆ జూలైలోనే, సృష్టి సంరక్షణ కోసం కొత్తగా కూర్చిన పూజావిధితో బలిపూజ సమర్పించాడు. వానకూ పంటకూ ఉన్నట్లే భూమి స్వస్థతకు కూడా ఇప్పుడు ఒక నియత పూజ ఉన్నది.

ప్రొటెస్టంటులు మరో దారి పట్టారు. ప్రార్థించే చేతులు డబ్బు ఎక్కడ పెడుతున్నాయో చూడమన్నారు. ప్రపంచ చర్చీల మండలి 2014లో ఖనిజ ఇంధన కంపెనీలలో పెట్టుబడి పెట్టరాదని తీర్మానించింది. ఇంగ్లండు చర్చి 2018లో చమురు కంపెనీలకు గడువు పెట్టింది: పారిస్ ఒప్పందానికి అనుగుణంగా మారకపోతే 2023 నాటికి వాటాలు అమ్మివేస్తామన్నది. కంపెనీలు మారలేదు. 2023లో చర్చి మాట నిలబెట్టుకొని, మిగిలిన పెద్ద చమురు సంస్థల నుండి కూడా వైదొలగింది.

ఉపవాసం కూడా ఆయుధమైనది. 2013 నవంబరులో హయాన్ తుఫాను ఫిలిప్పీన్సును తుడిచిపెట్టిన రోజులలోనే పోలెండులోని వార్సాలో వాతావరణ మహాసభ జరిగింది. ఆ దేశ ప్రతినిధి యెబ్ సాన్యో సభ జరిగినంత కాలం భోజనం మానివేశాడు. తరువాత నెలనెలా మొదటి తేదీన వాతావరణం కోసం ఉపవసించే అలవాటు అనేక దేశాల క్రైస్తవులలో వ్యాపించింది. గాంధీజీ దేశం వారికి ఈ పద్ధతి పరాయిది కాదు.

రెండు పాదయాత్రలు

2021 జూన్‌లో ఇంగ్లండు నైరుతి కొసన, ధనిక దేశాధినేతలు సమావేశమైన కార్బిస్ బే నుండి, కొందరు క్రైస్తవ యువతీ యువకులు నడక ప్రారంభించారు. ఒకరి తరువాత ఒకరు అందుకుంటూ సుమారు 1,200 మైళ్లు నడిచి, అక్టోబరు చివర, వాతావరణ మహాసభ జరుగనున్న గ్లాస్గోకు చేరారు. దారి పొడుగునా చర్చీలలో బసచేశారు, ప్రార్థించారు. పేద దేశాలకు ఏటా ఇస్తామన్న పదివేల కోట్ల డాలర్ల మాట నిలుపుకోండని తమ ప్రభుత్వాన్ని అడిగారు. అదే అక్టోబరు 4న వాటికన్‌లో వివిధ మతాల పెద్దలు సుమారు 40 మంది ఒక విన్నపం మీద సంతకాలు చేసి, గ్లాస్గో సభకు అధ్యక్షుడు కానున్న అలోక్ శర్మ చేతికి ఇచ్చారు.

ఆ అక్టోబరులోనే మరొక నడక జరిగింది. బిలాస్‌పూర్‌కు ఉత్తరాన హస్‌దేవ్ అరణ్య గ్రామాల ఆదివాసులు సుమారు 300 కిలోమీటర్లు నడిచి రాజధాని రాయపూర్‌కు వచ్చారు. లక్షా డెబ్బై వేల హెక్టార్ల ఆ సాల వనం కింద బొగ్గు ఉన్నది. ఆ అడవి నుండి వచ్చే నీరే హస్‌దేవ్ నదిగా సాగి, మినీమాతా బాంగో జలాశయాన్ని నింపి, కోర్బా, జాంజ్‌గీర్–చాంపా ప్రాంతాల వరిపొలాలను తడుపుతుంది. గ్రామసభల నిజమైన అనుమతి లేకుండా గనులు తవ్వరాదని వారు కోరారు. 2022 జూలైలో రాష్ట్ర శాసనసభ హస్‌దేవ్ బొగ్గు బ్లాకులను రద్దు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తరువాత కూడా అక్కడ చెట్లు కూలాయి. ఈ పోరాటంలో ముందు నిలిచిన ఆలోక్ శుక్లాకు 2024లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి లభించింది.

ఈ రెండు నడకలకూ సంబంధం లేదు. రెండవది చర్చి నడిపిన ఉద్యమం కాదు, గ్రామసభలది, ఆదివాసులది. అయినా రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక నిజం బోధపడుతుంది. గ్లాస్గోకు నడిచినవారు ముందు తరాల కోసం నడిచారు. రాయపూర్‌కు నడిచినవారు తమ ఊరి చెరువు కోసం, మహువా చెట్ల కోసం, దేవతా వనాల కోసం నడిచారు. చర్చి భూమి కోసం ప్రార్థించేటప్పుడు తన పొరుగున నడుస్తున్నవారిని ముందుగా గుర్తుపట్టవలసి ఉన్నది. పొరుగువాడెవడు అన్న ప్రశ్న సువార్తలలో పాతదే.

పొట్టకూటి ప్రశ్న

ఇంతవరకు చెప్పుకున్నది సులభమైన భాగం. కష్టమైనది ఇకముందు ఉన్నది.

కోర్బాలోని గెవరా గని ఒక్కటే 2023–24లో సుమారు 5 కోట్ల 90 లక్షల టన్నుల బొగ్గు తీసింది. దేశం మొత్తం మీద ఉత్పత్తి 2024–25లో వంద కోట్ల టన్నులు దాటింది. మన విద్యుత్తులో ఇంచుమించు మూడువంతుల మేర బొగ్గునుండే వస్తున్నది. రైళ్లు మోసే సరుకులో దాదాపు సగం బొగ్గే. 2022 వేసవిలో ఎండలు ముదిరి కరెంటు వాడకం ఎగబాకినప్పుడు, బొగ్గుబండ్లకు దారి ఇవ్వడానికి ఈ జోనులో అనేక ప్రయాణికుల బండ్లను రద్దు చేశారు. ఎండ పెరిగితే ఫ్యాను తిరగాలి, ఫ్యాను తిరగాలంటే బొగ్గు మండాలి, బొగ్గు మండితే ఎండ పెరుగుతుంది. ఈ గానుగలో తిరుగుతున్నది మనమే.

అందువల్ల బిలాస్‌పూర్‌లో ఒక పాస్టరు వేదిక మీద నిలబడి ‘బొగ్గు పాపం’ అంటే, ఎదుట బెంచీ మీది గార్డు తలవంచుకోవాలా? అతని తాత శ్రీకాకుళం నుండి వచ్చి ఇంజనులో బొగ్గు పారవేసి పిల్లలను చదివించాడు. దీపం కూడా లేని ఊళ్లకు వెలుగు తెచ్చిన పని అది. పైగా ఒక అమెరికన్ సగటున గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు ఒక భారతీయుడు వదిలేదానికి ఆరేడు రెట్లు. ముందు తిన్నవారు తరువాత వచ్చినవారికి పథ్యం చెప్పడం న్యాయమా అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఏ ప్రార్థనా నిజాయితీ గలది కాదు.

అలాగని ఆ ప్రశ్న చాటున దాగడమూ కుదరదు. 2070 నాటికి నికర కాలుష్యాన్ని సున్నాకు తెస్తామని భారతదేశం గ్లాస్గోలో మాట ఇచ్చింది. బొగ్గు తగ్గడం ఖాయం. ఎలా తగ్గుతుందన్నదే ప్రశ్న. ఇక్కడ బ్రిటన్ అనుభవం ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరు 30న ఆ దేశం తన ఆఖరి బొగ్గు విద్యుత్కేంద్రాన్ని మూసివేసింది. ప్రపంచం చప్పట్లు కొట్టింది. కాని అంతకు నలభై ఏళ్ల ముందు, 1984–85 సమ్మె నాడు, గనుల మూసివేత మొదలైనప్పుడు గని కార్మికుల ఊళ్లకు ఎవరూ ప్రత్యామ్నాయం చూపలేదు. ఆ ఊళ్లు దశాబ్దాల పాటు కోలుకోలేదు. బొగ్గు గనుల ప్రాంతమైన డర్హంకు కొత్తగా బిషప్పైన డేవిడ్ జెంకిన్స్ తన తొలి ప్రసంగంలోనే కార్మికులు ఓడిపోకూడదని పలికి ప్రభుత్వ ఆగ్రహానికి గురి అయ్యాడు. ఆనాడు ఆయన మాట్లాడినది వాతావరణం గురించి కాదు. అయినా బొగ్గు ప్రాంతపు చర్చి నేర్చుకోవలసిన పాఠం అందులో ఉన్నది: గని మూతపడే రోజు గురించి గని నిండుగా నడుస్తున్నప్పుడే మాట్లాడాలి.

బొగ్గు చాలించమని అడిగే సంఘం, బొగ్గు కార్మికుని బిడ్డకు రేపటి పని ఏదని కూడా అదే నోటితో అడగాలి. ఈ రెండూ విడిపోతే మొదటిది ధనికుల ధర్మోపన్యాసం అవుతుంది, రెండవది రేపటిని మరచిన వాదన అవుతుంది.

గడప లోపలి పని

ఈ దేశపు సంఘాలు ఏం చేస్తున్నాయి? 1947లో ఏర్పడిన దక్షిణ భారత సంఘం, అనగా సి.ఎస్.ఐ., పర్యావరణ విషయాలకు ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పుకున్నది. జూన్ 5 సమీపాన వచ్చే ఆదివారాన్ని పర్యావరణ ఆదివారంగా పాటించడం, చర్చి ఆవరణలలో వాన నీటిని ఇంకించడం, సౌరశక్తి అమర్చుకోవడం, బడిపిల్లలకు కరెంటు, నీటి ఖర్చుల లెక్క నేర్పడం వంటి పనులను అది ప్రోత్సహిస్తున్నది. బిలాస్‌పూర్‌లో పనిచేసిన డిసైపుల్స్ సంఘం 1970లో ఉత్తర భారత సంఘంలో కలిసింది. భారత జాతీయ చర్చీల మండలి ప్రధాన కార్యాలయం ఇదే రైలు మార్గం మీది నాగపూర్‌లో ఉన్నది. పిలుపు వినిపించవలసిన దూరం ఎక్కువేమీ కాదు.

ఇవన్నీ చిన్న పనులని పెదవి విరిచేవారున్నారు. మొక్క నాటి ఫోటో తీయించుకొని మరుసటి ఏటి దాకా నీరు పోయనివారి వల్ల ఆ ఎగతాళికి బలం వచ్చింది. లోకాంతం దగ్గరపడినప్పుడు ఈ భూమి గురించి తాపత్రయం ఎందుకని బోధించేవారు లోపలే ఉన్నారు. అల్పసంఖ్యాకులం, ఉద్యమమంటే లేనిపోని అనుమానాలు వస్తాయని వెనుకాడేవారూ ఉన్నారు. ఆ భయం ఉత్తిది కాదు.

అయినా తెలుగు క్రైస్తవులకు తమ ఇంటిలోనే ఒక ఆదర్శం ఉన్నది. 1912లో బిషప్పైన తొలి భారతీయ ఆంగ్లికన్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య తన పీఠాన్ని దోర్నకల్‌లో నిలిపాడు. అదీ రైల్వే కూడలే. సింగరేణి బొగ్గు కోసం చీలిన దారి అక్కడినుండే వెళ్తుంది. పేద పల్లె విశ్వాసులు కోతల పండుగకు ధాన్యం, కూరగాయలు, కోళ్లు తెచ్చి పీఠం ముందు పెట్టే ఆచారాన్ని ఆయన పెంచి పోషించాడు. భూమి ఇచ్చినదానిని మొదట చేతబట్టుకొని వచ్చి, ఆ తరువాత ప్రార్థించేవారు. ఏ పొలం నుండి వచ్చిందో, ఎవరి చెమటతో పండిందో తెలిసిన కానుక అది.

నేటి పట్టణపు చర్చిలో కానుక సంచీలో పడేది నోటు. అది ఏ గని నుండి, ఏ అడవి నుండి, ఏ బండి మీద వచ్చిందో ఎవరూ అడగరు. బొగ్గు తవ్వేవారు, మోసేవారు, ఆ బొగ్గు పొగలో వాన తప్పినవారు, బొగ్గు కోసం ఊరు విడువవలసి వస్తున్నవారు ఒకే ప్రార్థనలో పేరుపేరునా వినిపించే ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు. బిలాస్‌పూర్‌కు ఆ వీలున్నది. వచ్చే సెప్టెంబరులో వరి ఈనే వేళకు ఏ చిన్న సంఘమైనా ఆ నాలుగు పేర్లూ ఒక కాగితం మీద రాసుకొని ప్రార్థన ప్రారంభించవచ్చు. తరువాత ఎవరి తలుపు తట్టాలో ఆ కాగితమే చెబుతుంది.